రసాయనాలు పడనివారు ఇంటికి సానా ఎంచుకోవడం ఎలా?

కొత్తగా రంగులు వేసిన గదిలో కాసేపు కూర్చుంటే తల పట్టేసేవారు, ఫినాయిల్ వాసనకో పక్కవారు పూసుకున్న సెంటుకో ఆయాసం, కళ్ల మంట, నీరసం కమ్ముకొచ్చేవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. వీరిలో కొందరికి వేడి తగలడం, ఒళ్లంతా చెమట పట్టడం హాయినిస్తుంది కాబట్టి ఇంట్లో చిన్న సానా, అంటే వేడితో చెమట పట్టించే చెక్క గది, ఉంటే బాగుండునని అనుకుంటారు. అమెరికా, కెనడాలలో ఉన్న తెలుగువారికి ఇది సులువుగా దొరికే వస్తువు. హైదరాబాద్ వంటి నగరాల్లోనూ అమ్మేవారు, కట్టించి ఇచ్చేవారు ఉన్నారు. అయితే మామూలు గదిలో ఏ బెడదా లేకుండా పడి ఉండే చెక్క, జిగురు, తీగ, రబ్బరు వేడెక్కినప్పుడు వాయువులను ఎక్కువగా వదులుతాయి. ఒక మనిషి పట్టే సానా పెట్టెలో ఉండే గాలి ఒకటిన్నర ఘనమీటర్లకు మించదు. తలుపు మూసుకుని, లోతుగా ఊపిరి తీస్తూ మనం పీల్చేది ఆ గాలినే. అందువల్ల ఇక్కడ చెప్పేదంతా రెండు నియమాల చుట్టూ తిరుగుతుంది: వేడెక్కే భాగంలో పదార్థాల సంఖ్య వీలైనంత తక్కువగా ఉండాలి; ఉన్న ప్రతి పదార్థాన్నీ డబ్బు కట్టకముందే వేడి మీద పరీక్షించుకోవాలి.

సానా నుంచి ఏం ఆశించవచ్చు

రసాయనాల పట్ల ఇలాంటి అతిసున్నితత్వం గురించి 1950లలో షికాగోకు చెందిన అలర్జీ వైద్యుడు థెరాన్ రాండాల్ఫ్ రాయడం మొదలుపెట్టారు. 1987లో మార్క్ కలెన్ అనే వైద్యుడు దానికొక నిర్వచనం ఇచ్చారు. ఇప్పటికీ చాలా వైద్య సంస్థలు దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించలేదు, కారణాల మీద వాదం తెగలేదు. బాధపడేవారి బాధ మాత్రం నిజమే. ఈ సందిగ్ధాన్ని ఆసరా చేసుకునే కొందరు అమ్మకందారులు సానా ఒంట్లోని విషాలన్నింటినీ చెమటతో కడిగేస్తుందని చెబుతారు. చెమటలో ఉండేది ప్రధానంగా నీరు, ఉప్పు. కొన్ని లోహాలు, ప్లాస్టిక్ సంబంధిత రసాయనాలు అతి స్వల్పంగా కనిపించినా, శరీరాన్ని శుభ్రపరిచే పని కాలేయానిది, మూత్రపిండాలది. ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతంలో 2315 మంది మగవారిని దాదాపు ఇరవై ఏళ్లు గమనించి 2015లో వెలువరించిన అధ్యయనంలో, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సానా చేసినవారిలో గుండె జబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. అది పరిశీలన మాత్రమే కానీ చికిత్స ఫలితం కాదు, పైగా అది రసాయనాలు పడనివారి మీద చేసినదీ కాదు. కాబట్టి ఒంటికి హాయి, కండరాలకు విశ్రాంతి, మంచి నిద్ర అన్న లెక్కతోనే సానా కొనండి. ఒంట్లో విషం పోతుందన్న మాట మీద ఎక్కువ ధర పెట్టకండి.

కొనే ముందే వైద్యుడి సలహా తప్పనిసరిగా తీసుకోవాలి. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, నిలకడ లేని ఛాతీ నొప్పి ఉన్నవారు, గుండె కవాటం బాగా ఇరుకైనవారు సానా జోలికి పోకూడదు. గర్భిణులు, రక్తపోటు తక్కువగా ఉండేవారు, మూత్రం ఎక్కువగా వచ్చే మందులు వాడేవారు, ఉబ్బసం అదుపులో లేనివారు వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఏ రకం

ఫిన్లాండ్ పద్ధతి సానాలో కరెంటు పొయ్యి మీద రాళ్లు పేర్చి, గది గాలినే 70 నుంచి 100 డిగ్రీల దాకా వేడిచేస్తారు. ఇన్‌ఫ్రారెడ్ సానాలో గోడలకు అమర్చిన పలకల నుంచి వేడి నేరుగా ఒంటికి తగులుతుంది కాబట్టి గాలి 45 నుంచి 60 డిగ్రీల మధ్యే ఉంటుంది. వేడి తక్కువైతే వాయువులూ తక్కువే కదా అని రసాయనాలు పడనివారికి చాలామంది ఇన్‌ఫ్రారెడ్ సానానే సూచిస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కానీ దాని లోపల ఏముందో చూడాలి. కార్బన్ పొరను రెసిన్ అనే జిగురుతో అతికించిన వేడి పలకలు మీ వీపుకు జానెడు దూరంలో ఉంటాయి. వాటి వెనుక తీగలు, రంగు దీపాలు, స్పీకర్లు, తెర, వాటికి ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి. ఫిన్లాండ్ రకంలో వేడెక్కేవి స్టీలు, రాయి, చెక్క. నా అభిప్రాయంలో, చెక్క పడేవారికి చిన్న రాళ్ల పొయ్యి పెట్టి, దాన్ని 60, 65 డిగ్రీల దగ్గరే ఆపి వాడుకునే సానా మేలు. పొయ్యికి ఉష్ణోగ్రత నియంత్రణ ఉంటుంది కాబట్టి 90 డిగ్రీల దాకా తీసుకెళ్లాలన్న నిర్బంధం లేదు. కరెంటు సదుపాయం, స్థలం రెండూ తక్కువైతే ఇన్‌ఫ్రారెడ్ సానానే తీసుకోవచ్చు, కాకపోతే హంగులు లేనిది చూసుకోవాలి.

తల బయట పెట్టి కూర్చునే మడత గుడారాలు చవకగా వస్తాయి. వాటి గుడ్డ పాలియెస్టర్ లేదా నైలాన్, దానికి లోపల పూత, అంచులకు రబ్బరు. వేడికి అదంతా వాసన కొట్టడం మామూలే. తల బయట ఉన్నంత మాత్రాన ఆ గాలి మెడ దగ్గర నుంచి ముక్కుకు రాకుండా పోదు. కట్టెల పొయ్యి సానా సంగతి ఆలోచించనే అక్కర్లేదు, పొగే పెద్ద శత్రువు.

చెక్క, జిగురు

సానా అనగానే సెడార్ చెక్క పేరే ముందు వినిపిస్తుంది. ఎర్ర సెడార్ పుచ్చిపోదు, చూడటానికి అందంగా ఉంటుంది. కానీ దాని ఘాటైన సువాసనే మీకు ఇబ్బంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఈ చెక్క కోసే మిల్లుల కార్మికులకు ఉబ్బసం రావడం మీద చాలా పరిశోధన జరిగింది. అందులోని ప్లికాటిక్ ఆమ్లమే దానికి ప్రధాన కారణమని తేలింది. అది రంపపు పొట్టు పీల్చినవారి సంగతే కానీ సానాలో కూర్చున్నవారిది కాదు. అయినా వాసనలకు ఒళ్లు తిరగబడేవారు కోరి తెచ్చుకోవలసిన చెక్క కాదది. పైన్, స్ప్రూస్ చెక్కలలో బంక ఎక్కువ, వేడికి టర్పెంటైన్ తరహా వాసన వస్తుంది. వాసన తక్కువ చెక్కలు ఆస్పెన్, బాస్‌వుడ్, పాప్లర్. హెమ్‌లాక్ కూడా చాలామందికి పడుతుంది. ఫిన్లాండ్‌లో బల్లలకు ఆస్పెన్, ఆల్డర్ వాడటం ఎప్పటినుంచో ఉన్నదే.

చెక్క పేరు విని తృప్తిపడవద్దు. 'హెమ్‌లాక్ సానా' అని అమ్మేదాంట్లో పైన పల్చటి హెమ్‌లాక్ పొర, లోపల ప్లైవుడ్ ఉండవచ్చు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గాలి రంధ్రం మీది జాలీని గానీ, దీపం మూతను గానీ స్క్రూలు తీసి పక్కన పెట్టి, గోడను కోసిన అంచు మీద టార్చి వెలుగు వేయండి. ఒక పొర నిలువు నారతో, దాని పక్క పొర అడ్డ నారతో, మధ్యలో సన్నని జిగురు గీతలతో కనిపిస్తే అది ప్లైవుడ్. పైన కనిపించే చారలే లోపలికీ తెగకుండా సాగితే అది పొరలు లేని ఒకే ముక్క చెక్క. ఇలా చూపించడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది. బల్ల అడుగు భాగాన్ని, నేల పలకను, వేడి పలకల వెనుక ఉన్న పెట్టెను కూడా చూడండి. గోడలు ఒకే ముక్క చెక్కతో చేసి, కనబడని ఈ చోట్ల ప్లైవుడ్ గానీ, చెక్క నారను జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక గానీ పెట్టే అవకాశం ఉంది.

ప్లైవుడ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మామూలు రకం ప్లైవుడ్‌లో వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. వేడి, తేమ కలిసినప్పుడు ఆ జిగురు విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువును వదులుతుంది, అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. మన దేశంలో ఎంఆర్ అని గుర్తున్న ప్లైవుడ్ ఈ కోవలోది. మెరైన్ ప్లైవుడ్‌లో ఉండే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు చాలా తక్కువ వదులుతుంది కానీ, అతిసున్నితత్వం ఉన్నవారికి అదైనా సానా లోపల వద్దనే చెబుతాను.

ఇక్కడ ధ్రువపత్రాల సంగతి బాగా అర్థం చేసుకోవాలి. యూరప్‌లో ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే పలకలకు ఈ-1 అనే తరగతి ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పెట్టిన హద్దు ప్రకారం గట్టి చెక్క పొరల ప్లైవుడ్ వదిలే ఫార్మాల్డిహైడ్ పది లక్షల వంతుల గాలిలో 0.05 వంతు దాటకూడదు. ఇవి పనికొచ్చే ప్రమాణాలే. అయితే ఈ-1 కోసం చేసే పరీక్ష గదిలో ఉష్ణోగ్రత 23 డిగ్రీలు, తేమ 45 శాతం. అమెరికా పరీక్ష 25 డిగ్రీల దగ్గర జరుగుతుంది. సానా నడిచేది 60 డిగ్రీల దగ్గరో 80 డిగ్రీల దగ్గరో. అంటే ఆ కాగితం అల్మారా చేయించుకునేవారికి భరోసా ఇస్తుంది కానీ, అదే ప్లైవుడ్‌ను వేడిచేసి దాని మధ్య కూర్చునేవారికి ఇవ్వదు. 'విషరహితం', 'పర్యావరణ హితం' వంటి మాటల వెనుక ఈపాటి పరీక్ష కూడా ఉండకపోవచ్చు. అమ్మేవారిని ఇలా సూటిగా, రాతపూర్వకంగా అడగండి: గోడ, బల్ల, నేల, వేడి పలకల వెనుక భాగం దేనితో చేశారు? జిగురు ఎక్కడెక్కడ వాడారు, దాని సేఫ్టీ డేటా షీట్ (అందులోని రసాయనాలు, ప్రమాదాలు రాసిన పత్రం) ఇస్తారా? వార్నిష్ గానీ, మరక పట్టని పూత గానీ, చెదల మందు గానీ ఎక్కడైనా ఉందా? జవాబు రాసి ఇవ్వగలిగినవారే ఆ వస్తువును ఎరిగినవారు.

కనబడని భాగాలు

గాజు తలుపు మంచిదే, గట్టిపరచిన గాజు ఏ వాయువునూ వదలదు. దాన్ని అతికించే సిలికాన్ మాత్రం చూసుకోవాలి. ఒక రకం ఆరుతూ వెనిగర్ వాసన వదులుతుంది, అది ఘాటైనా త్వరగా పోతుంది. వాసన లేనిదని పేరున్న న్యూట్రల్ రకాల్లో కొన్ని ఆరేటప్పుడు ఆక్సైమ్ వాయువును వదులుతాయి. మరలతో, క్లిప్పులతో బిగించే తలుపు దొరికితే ఈ బెడదే ఉండదు. తీగల తొడుగు పీవీసీ కాకుండా, వేడికి తట్టుకునే సిలికాన్ లేదా టెఫ్లాన్ రకమై ఉండాలి. రాళ్ల పొయ్యి కొత్తదైతే దాని లోహం మీద తయారీ నాటి నూనె ఉంటుంది. మొదటిసారి వెలిగించినప్పుడు అది కాలి పొగ, వాసన వస్తాయి. ఆ పని తలుపులన్నీ తెరిచి, మీరు ఇంట్లో లేనప్పుడు మరొకరి చేత చేయించాలి.

కట్టించుకునే సానా అయితే గోడ లోపలి వేడి నిరోధక పొర గురించి తేల్చుకోవాలి. గ్లాస్ ఊల్‌లో నారలను కలిపి ఉంచేది చాలాసార్లు ఫార్మాల్డిహైడ్ బంకే. అది లేని రకాలు కూడా తయారవుతున్నాయి, వెతికి తెప్పించుకోవాలి. ఆ పొరకూ లోపలి చెక్కకూ మధ్య అల్యూమినియం రేకు ఎక్కడా సందు లేకుండా పరవాలి. తేమను, వెనుక నుంచి వచ్చే వాయువులను ఆపేది ఈ రేకే కాబట్టి అతుకుల దగ్గర పనివారు తొందరపడకుండా నిలబడి చూసుకోండి.

మన ఊళ్లో వడ్రంగి చేత చేయిస్తే

ఇది మంచి మార్గమే, ఎందుకంటే ప్రతి పదార్థాన్నీ మీరే ఎంచుకోవచ్చు. అయితే వడ్రంగి మొదట చెప్పే పేరు టేకు. టేకులో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు చర్మానికి పడక దద్దుర్లు తెస్తాయన్నది వైద్యులకు బాగా తెలిసిన విషయం. చెమట పట్టిన ఒంటితో ఆనుకుని కూర్చునే చోట అది వద్దు. పలకలను జిగురుతో కాకుండా ఒకదాని అంచు మరోదాని గాడిలో దిగేలా చేసి, స్టెయిన్‌లెస్ స్టీలు మరలతో బిగించమనండి. మర తలలు చెక్కలోకి లోతుగా దిగాలి, లేకపోతే వేడెక్కి చర్మాన్ని కాలుస్తాయి. సన్మైకా అతికించే రబ్బరు జిగురు ఆ చుట్టుపక్కలకే రానివ్వకూడదు, అందులోని ద్రావకం ఘాటు చాలా రోజులు వదలదు. చెదల మందు, పాలిష్ రెండూ వద్దని ముందే చెప్పాలి. చెప్పకపోతే మీ మేలు కోరే వాటిని పూస్తారు.

విదేశం నుంచి తెప్పించుకుంటే వచ్చిన చెక్క పెట్టె మీది ముద్ర చూడండి. గోధుమ కంకి బొమ్మ పక్కన హెచ్‌టీ అని ఉంటే ఆ పెట్టె చెక్కను 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేశారని అర్థం. ఎంబీ అని ఉంటే పురుగులను చంపే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పొగ పెట్టారని అర్థం. అలాంటి పెట్టెను బయటే విప్పించి బయటే పారేయించాలి.

ఏ చెక్కా పడనివారికి మరో దారి ఉంది. స్నానాల గదిలో ఒక మూలను పింగాణీ టైల్సు, గాజుతో మూసి, అందులో రాళ్ల పొయ్యి పెట్టి, కూర్చునే బల్లను మాత్రం ఆస్పెన్‌తో చేయించి దాని మీద నూలు తువ్వాలు పరచుకోవచ్చు. టైల్సు మధ్య సందులకు ఎపాక్సీ కాకుండా సిమెంటు వాడాలి. ఇందులో ఖర్చయ్యేది కరెంటు. చెక్క గోడల సానాకు ఘనమీటరుకు ఒక కిలోవాట్ చొప్పున లెక్క వేస్తారు. టైల్స్, గాజు వేడిని తాగేస్తాయి కాబట్టి అవి ఉన్న ప్రతి చదరపు మీటరుకూ గది పరిమాణానికి 1.2 ఘనమీటర్లు అదనంగా కలుపుకోవాలి. అయిదు ఘనమీటర్ల గదిలో నాలుగు చదరపు మీటర్ల టైల్స్, గాజు ఉంటే దాన్ని దాదాపు పది ఘనమీటర్ల గదిగానే లెక్కించాలి.

వేడి మీద పరీక్ష

అమ్మేవారి నుంచి ప్రతి పదార్థం ముక్కా అడిగి తెప్పించుకోండి: చెక్క, వెనుక పలక, తీగ ముక్క, తలుపు రబ్బరు. లోహపు మూత ఉన్న ఒకే రకం గాజు సీసాలు తీసుకోండి. అవి కొత్తవైతే మంచిది, ఊరగాయ పెట్టిన సీసా ఎంత కడిగినా మూత దగ్గర వాసన వదలదు. ఒక్కో ముక్కను ఒక్కో సీసాలో వేసి, ఒకటి మాత్రం ఖాళీగా ఉంచి, అన్నింటినీ మూతలు పెట్టి, చేయి పెడితే కాలేంత వేడి నీళ్ల గిన్నెలో గంటసేపు నిలబెట్టండి. ఏ సీసాలో ఏముందో మీకు తెలియకూడదు: ఇంట్లో మరొకరు సీసాకు కాగితం చుట్టి అడుగున అంకె వేసి పెట్టాలి. ఒక్కొక్కటి మూత కొద్దిగా తెరిచి ఒకే ఒక్కసారి, దూరం నుంచి వాసన చూసి, మీకు ఏమనిపించిందో రాసుకోండి. రెండు సీసాల మధ్య బాగా విరామం ఇవ్వండి. మర్నాడు వరుస మార్చి మళ్లీ చేయండి. ఖాళీ సీసాకు కూడా తలనొప్పి వచ్చిందంటే అది మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, ఆ రోజు ఒళ్లు అలసి ఉందనో భయపడుతున్నారనో తెలుసుకుని పరీక్షను వాయిదా వేయడానికి. రెండుసార్లూ ఇబ్బంది పెట్టిన ముక్క ఏదో తేలితే, అది లేని సానా వెతకాలి. వాసన తగిలితే తీవ్రమైన ఆయాసం వచ్చేవారు ఈ పరీక్ష సొంతంగా చేయకూడదు.

ఆ తరువాతే దుకాణానికి వెళ్లండి. ముందురోజే ఫోన్ చేసి, లోపల నీలగిరి తైలం, లెమన్‌గ్రాస్ వంటి సువాసనలు చల్లవద్దని కోరండి. చెక్క వాటిని పీల్చుకుని చాలాకాలం వదలదు, ప్రదర్శనకు ఉంచిన సానాలతో ఉన్న చిక్కే అది. మీరు వెళ్లేసరికి సానా తలుపు మూసి రెండు గంటలు నడిచి ఉండాలి. మొదట మీతో వచ్చినవారు లోపలికి వెళ్లి చూసి చెప్పాలి. తరువాత మీరు తలుపు దగ్గర నిలబడి, బాగుంటే అయిదు నిమిషాలు కూర్చుని, వచ్చేయండి. బేరం ఆ రోజు తేల్చవద్దు, కొందరికి ఇబ్బంది మరునాడు గానీ తెలియదు. చవకగా దొరికే గాలి నాణ్యత మీటర్లను నమ్ముకోవద్దు. అవి మన ఊపిరికి, చేతికి రాసుకున్న శానిటైజర్‌కు కూడా అంకెలు పెంచేస్తాయి. ఇతరులు వాడిన సానా కొంటే కొత్త వాసన పోయి ఉంటుందన్న లాభం ఉంది, కానీ బూజు, సిగరెట్ పొగ, శుభ్రపరిచే మందుల వాసన ఉన్నాయేమో చూడాలి.

ఇంటికి వచ్చాక

వంటింటికి, పూజ గదికి, బట్టలు ఉతికే చోటుకు, కారు నిలిపే చోటుకు దూరంగా, కిటికీ ఉన్న గదిలో పెట్టండి. అగరువత్తి పొగ, డిటర్జెంట్ వాసన పూత లేని చెక్కకు ఇట్టే పట్టేస్తాయి. సానా లోపలికి గాలి పొయ్యి దగ్గర కింద నుంచి వచ్చి ఎదురు గోడ నుంచి బయటకు పోవాలి. ఆ పోయే గాలి గదిలోనే తిరగకుండా కిటికీ దాకా గొట్టం వేయిస్తే ఇంకా మంచిది. కరెంటు విషయానికొస్తే, రెండు కిలోవాట్ల ఇన్‌ఫ్రారెడ్ సానాకు మన 16 ఆంపియర్ల సాకెట్ చాలు. ఆరు కిలోవాట్ల పొయ్యికి 230 వోల్టుల దగ్గర 26 ఆంపియర్లు కావాలి కాబట్టి విడిగా తీగ, ఎర్తింగ్, కరెంటు లీకైతే కట్ చేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి, చాలాచోట్ల త్రీ ఫేజ్ కనెక్షన్ అవసరమవుతుంది.

బిగించిన వెంటనే లోపల కూర్చోవద్దు. అన్ని కిటికీలు తీసి, సానా తలుపు కూడా తెరిచి, పెట్టిన గరిష్ఠ వేడి మీద రోజుకు కొన్ని గంటలు ఖాళీగా నడపండి. ఆ సమయంలో మనుషులు ఆ గదిలో ఉండకూడదు, లోపల బట్టలు ఆరేయకూడదు, అయితే ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. చల్లారాక తలుపు మూసి ఉంచి, మర్నాడు పొద్దున తెరిచి వాసన చూడండి. ముక్కుకు ఏమీ తగలని రోజు వచ్చేదాకా ఇలాగే చేయాలి, దీనికి కొన్ని వారాలు పట్టినా తొందరపడవద్దు. కొనుగోలు ఒప్పందంలో వాపసు గడువు ఈ వారాలకు సరిపోయేలా ముందే రాయించుకోవడం అందుకే.

వాడకం మొదలుపెట్టేటప్పుడు తక్కువ వేడి, అయిదు నుంచి పది నిమిషాలు చాలు. ఒంటరిగా ఇంట్లో ఎవరూ లేనప్పుడు వద్దు. ముందూ తరువాతా నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. తువ్వాళ్లను సువాసన లేని సబ్బుతో ఉతకండి. బల్లను గోరువెచ్చటి నీటితో తుడిచి, జిడ్డు ఉంటే కాస్త తినే సోడా వేసి రుద్ది, తలుపు తెరిచి పూర్తిగా ఆరనివ్వండి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో వానాకాలం చెక్కకు బూజు త్వరగా పడుతుంది కాబట్టి వాడని వారాల్లో కూడా ఒకసారి ఖాళీగా వేడిచేసి ఆరబెట్టాలి. కొన్నాళ్లకు ఇబ్బంది మళ్లీ మొదలైతే ఒక్కసారిగా సానాను నిందించకుండా, కొత్తగా మారినది ఏమిటో ఒక్కొక్కటిగా తీసి చూడండి: సబ్బు, తువ్వాలు, గదికి వేసిన రంగు, పక్కింటి దోమల మందు. అవన్నీ కాదని తేలితే తలుపు రబ్బరు, తీగలు, ఆ తరువాత వేడి పలకలు, ఈ వరుసలో మార్పించండి.